ఫ్యూజు పోవడం ఆగింది కదా అని ఊరుకోవద్దు

ప్రశ్న: అన్నయ్యగారికి నమస్కారం. మాది పర్లాకిమిడి. మామగారి కాలం నాటి ఇల్లు. వీధి వసారాలో చెక్క బోర్డు మీద తెల్ల పింగాణీ ఫ్యూజులు రెండున్నాయి, పక్కనే పిడి ఉన్న ఇనప మెయిన్ డబ్బా, బయట గోడకి సీలు వేసిన మీటరు. ఈ మధ్య గీజరు, ఇండక్షన్ పొయ్యి కొన్నాం. అప్పటి నుంచి పొద్దున్న నూతి మోటారు వెయ్యగానే ఫ్యూజు పోతోంది. మా ఆయన సూరత్‌లో పనిచేస్తారు. ఇంట్లో నేను, అత్తగారు, ఇద్దరు పిల్లలు. పక్కింటి కుర్రాడు వచ్చి లావుపాటి రాగి తీగ వేసి వెళ్లాడు. ఇక పోవడం లేదు. కానీ ఫ్యూజు మీద చెయ్యి పెడితే వేడిగా ఉంటోంది, ఒక పక్క గోధుమ రంగుకి తిరిగింది, అప్పుడప్పుడూ కాలిన వాసన వస్తోంది. వీటిలో మెయిన్ ఫ్యూజు ఏది? ఏ తీగ వెయ్యాలి? నేనే వేసుకోవచ్చా? ఎలక్ట్రీషియన్ 32 ఆంపియర్ల ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే తనంతట తనే పడిపోయే స్విచ్) పెట్టించెయ్యమంటున్నాడు. పెట్టించమంటారా?
– ఒక సోదరి, గజపతి జిల్లా

జవాబు: చెల్లెమ్మా, మీ ఉత్తరంలో నన్ను కంగారు పెట్టింది "ఇక పోవడం లేదు" అన్న మాటే. మిగతా ప్రశ్నల సంగతి తర్వాత చూద్దాం. ముందు ఈ పూటే గీజరు, ఇండక్షన్ పొయ్యి ఆపెయ్యండి. వాటి ప్లగ్గులు పీకెయ్యండి. ఆ లావు తీగ తీయించేదాకా లైట్లు, ఫ్యాన్లు, ఫ్రిజ్ వరకే వాడండి. నీళ్లకి మోటారు తప్పదంటే మిగతావన్నీ ఆపి, అదొక్కటే వేసుకోండి. అంత తగ్గించాక కూడా వాసన వస్తే మెయిన్ పిడి కిందకి దించేసి ఎలక్ట్రీషియన్ కోసం ఆగండి. ఒక రాత్రి ఉక్కపోతలో పడుకున్నా నష్టం లేదు. ఇంకొక్కటి, ఆ ఫ్యూజుని మళ్లీ చేత్తో ముట్టుకుని వేడి చూడొద్దు.

ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, ఫ్యూజు తీగ ఉన్నది కాలిపోవడానికే. ఇంటి వైర్లన్నిటికంటే బలహీనమైన చోటుగా దాన్ని కావాలనే పెడతారు, తేడా వస్తే అదొక్కటే తెగి మిగతా ఇల్లు బతకాలని. పక్కింటి కుర్రాడు మంచి మనసుతోనే సాయం చేశాడు, అతన్ని ఏమీ అనకండి. కానీ ఇప్పుడు మీ ఇంట్లో బలహీనమైన చోటు గోడ లోపలికి మారింది. ఇది బెదిరించడానికి అంటున్న మాట కాదు, లెక్క ఉంది. విలియమ్ ప్రీస్ అనే బ్రిటిష్ ఇంజినీరు 19వ శతాబ్దంలో కట్టిన లెక్క అది. రాగి తీగ మందం మిల్లీమీటర్లలో కొలిచి, దాన్ని దాని వర్గమూలంతో గుణించి, మళ్లీ 80తో గుణిస్తే ఆ తీగ ఎన్ని ఆంపియర్ల దగ్గర కరుగుతుందో సుమారుగా తెలుస్తుంది. 0.5 మి.మీ. తీగ 28 ఆంపియర్ల దగ్గర కరుగుతుంది. అదే 1 మి.మీ. తీగైతే 80 దాకా కరగదు. గోడలో ఉన్న 1.5 స్క్వేర్ ఎంఎం (ఇది మందం కాదు, వైరు అడ్డుకోత వైశాల్యం) రాగి వైరు నిలకడగా మోయగలిగేది ఇంచుమించు 15 ఆంపియర్లు. మామగారి కాలం నాటి ఇల్లంటున్నారు కాబట్టి లోపల అల్యూమినియం వైరు ఉన్నా ఉండొచ్చు. దానికి ఆ ఓపిక కూడా ఉండదు. ఫ్యూజు కరిగే లోపు గోడలో వైరు తొడుగు మెత్తబడిపోతుంది.

ఇక మెయిన్ ఫ్యూజు ఏది అన్న ప్రశ్న. స్తంభం దగ్గర మొదలుపెట్టి కళ్లతోనే తీగ వెంట రండి, దేన్నీ ముట్టుకోవద్దు. స్తంభం నుంచి సర్వీసు వైరు మీ గోడకి వస్తుంది. మీటరు దగ్గర సీలు వేసిన కటౌట్, అంటే సంస్థ వారి ఫ్యూజు, ఒకటి ఉండొచ్చు, కొన్నిచోట్ల అది స్తంభం మీదే ఉంటుంది. ఆ కటౌట్, మీటరు, వాటి సీళ్లు కరెంటు సంస్థవి. 2021 జనవరి నుంచి మీ దక్షిణ ఒడిశా జిల్లాల్లో పంపిణీ చూస్తున్నది టాటా పవర్ వారి టీపీఎస్‌ఓడీఎల్. మీ అత్తగారు ఇంకా సౌత్‌కో అనే అంటారేమో. పేరు ఏదైనా, మీటరు దాకా ఉన్న సరంజామాలో మనం వేలు పెట్టకూడదు. పాతపట్నంలో మీ చుట్టాల్లో లైన్‌మన్ ఉన్నా సరే, ఒడిశా వైపు లైను అతని చేత తీయించకూడదు. మీటరునీ, సంస్థ సామగ్రినీ కదిలిస్తే 2003 విద్యుత్ చట్టం 138వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు గానీ, 10,000 రూపాయల దాకా జరిమానా గానీ, రెండూ గానీ పడొచ్చు. చట్టం సంగతి అలా ఉంచినా, అక్కడ మీకు అందుబాటులో ఆపుకునే స్విచ్చే లేదు. ఆ వైపు తేడా ఉంటే 1912కి ఫోన్ చేసి బిల్లు మీది కన్స్యూమర్ నంబరు చెప్పండి.

తేడా ఏ వైపున ఉందో మీరే తేల్చుకోవచ్చు. మీ ఇల్లొక్కటే చీకటైతే మీటరు వంక చూడండి. మీటరు డిస్‌ప్లే గానీ ఎర్ర చుక్క లైటు గానీ వెలుగుతుంటే అక్కడిదాకా కరెంటు వస్తున్నట్టే, తేడా మీ వైపు ఉంది. మీటరు పూర్తిగా చచ్చినట్టుంటే 1912.

మీటరు దాటాక ఉన్నది మీది. ఇక్కడే మీరు జాగ్రత్తగా చూడాల్సింది ఒకటుంది, ఈ జవాబంతటికీ ఇదే ఆయువుపట్టు. మీటరు నుంచి బయటికొచ్చిన రెండు వైర్లు ముందు ఎక్కడికి వెళ్లాయి? ముందు ఇనప డబ్బాలోకి వెళ్లి, అక్కడి నుంచి పింగాణీ ఫ్యూజులకి వస్తే, పిడి దించగానే ఆ ఫ్యూజుల్లో కరెంటు ఉండకూడదు. అలా కాకుండా ముందు ఫ్యూజులకి వెళ్లి తర్వాత డబ్బాలోకి వెళ్తే, పిడి దించినా ఫ్యూజుల్లో కరెంటు ఉంటుంది. పాత ఇళ్లలో రెండు రకాలూ కనిపిస్తాయి. మెయిన్ ఆపేశాం కదా అన్న నమ్మకంతో చెయ్యి పెట్టినవాళ్లకి షాకు కొట్టేది ఈ రెండో రకంలోనే. మీది ఆ రకమైతే, లేదా వైర్లు చెక్క వెనక నుంచి వెళ్లి ఏది ఎటు వెళ్లిందో తెలియకపోతే, ఆ ఫ్యూజు మీరు మార్చొద్దు. లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ని పిలవండి. అతను కూడా సంస్థ మనిషి చేత పైనుంచి కరెంటు తీయించుకున్నాకే పని మొదలుపెట్టాలి.

ఇనప డబ్బా లోపల కూడా ఒక ఫ్యూజు ఉంటుంది చూడండి. ఒక పక్క ఫేజుకి (కరెంటు తెచ్చే వైరు) పింగాణీ ఫ్యూజు, రెండో పక్క న్యూట్రలుకి (కరెంటు తిరిగి వెళ్లే వైరు) గట్టి లింకు, అంటే తెగని లోహపు పట్టీ. పిడి దించితేనే మూత తెరుచుకుంటుంది. అయినా మూత తెరిచాక డబ్బాలోకి కరెంటు వచ్చే టెర్మినళ్లలో, మామూలుగా పై వైపున, అది అలాగే ఉంటుంది. అందుకే ఆ మూత మీరు తెరవకపోవడమే మేలంటాను.

బోర్డు మీది రెండు ఫ్యూజుల్లో ఒకటి ఫేజుదీ, రెండోది న్యూట్రలుదీ అయితే అదొక పాతకాలపు ప్రమాదం. పూర్వం రెండిటికీ ఫ్యూజు వేసేవారు. న్యూట్రలు ఫ్యూజు పోతే లైట్లన్నీ ఆరిపోతాయి, కరెంటు పోయిందనుకుంటాం, కానీ ఫేజు ఇంటినిండా అలాగే ఉంటుంది. దీన్ని పట్టుకునే గుర్తు ఒకటుంది. ఏ లైటూ వెలగని వేళ టెస్టరు ప్లగ్గు పాయింటు రెండు కన్నాల్లోనూ వెలిగితే న్యూట్రలు తెగినట్టే. స్విచ్ వేసి ఉన్న ఏదో ఒక సామాను లోంచి ఫేజు అవతలి కన్నానికి వచ్చేస్తుంది. అలాంటప్పుడు ఏ పాయింటూ విప్పకండి, బల్బు కూడా తిప్పకండి. మెయిన్ దించి మనిషిని పిలవండి. వచ్చినవాడితో న్యూట్రలు ఫ్యూజు తీయించి, గట్టి లింకు వేయించండి. న్యూట్రలు దారిలో ఫ్యూజు ఉండకూడదన్నదే ఇప్పటి నియమం.

ఫ్యూజు మెయిన్ స్విచ్ తర్వాతే ఉందని ఖాయంగా తేలితే, మామూలుగా పోయిన ఫ్యూజు మీరే వేసుకోవచ్చు. ఈసారికి మాత్రం ఎందుకు వద్దో కింద చెబుతాను. పగటి వెలుగులోనే చెయ్యండి. చేతులు, నేల పొడిగా ఉండాలి, కాళ్లకి రబ్బరు చెప్పులుండాలి. వానజల్లు వసారాలోకి కొడుతుంటే ఆ రోజు మానుకోండి. అత్తగారిని మెయిన్ దగ్గర కూర్చోమనండి, పిల్లలెవరూ పిడి మీద చెయ్యి వెయ్యకుండా. సూరత్ నుంచి బావగారు వీడియో కాల్‌లో చూపిస్తూ చేయిస్తానంటే మాత్రం వద్దనండి. ఒక చేత్తో ఫోను, ఒక చేత్తో ఫ్యూజు పనికిరాదు. ముందు మాట్లాడుకోండి, ఫోను పెట్టేశాక పని చెయ్యండి.

ఫ్రిజ్ మొదలు అన్ని సామాన్ల స్విచ్చులూ ఆపి, తర్వాత పిడి దించండి. టెస్టరు తీసుకుని, పక్కింట్లో అయినా సరే, కరెంటున్న పాయింటులో పెట్టి అది పనిచేస్తోందని చూసుకోండి. ఆ తర్వాత మీ పాయింట్లలో చూడండి, మళ్లీ వెళ్లి కరెంటున్న పాయింటులో చూడండి. మధ్యలో టెస్టరే పాడైతే తెలియాలి కదా. చెక్క పీట ఎక్కి నిలబడితే టెస్టరు మందంగా వెలగొచ్చు, వెలగకనూ పోవచ్చు, కాబట్టి నేల మీద నిలబడే చూడండి. కొంచెం అనుమానం మిగిలినా అక్కడితో ఆగిపోండి. ఎలక్ట్రీషియన్ దగ్గర హోల్డరుకి బల్బు కట్టిన టెస్ట్ ల్యాంపు ఉంటుంది, అది తేలుస్తుంది.

పింగాణీ పట్టు పట్టుకుని తిన్నగా ముందుకి లాగండి. అటూ ఇటూ ఊపొద్దు. బయటికి వచ్చాక దాన్ని తిప్పి శ్రద్ధగా చూడండి, ఎందుకు పోయిందో అదే చెబుతుంది. తీగ మధ్యలో ఒకచోట కరిగి రెండు కొసలూ చిన్న బొట్టులా ముద్దకట్టి ఉంటే లోడు ఎక్కువై పోయింది. తీగ జాడే లేకుండా పింగాణీ అంతా నల్లగా మసిబారి, రాగి తుంపరలు అతుక్కుని ఉంటే ఎక్కడో షార్టయింది. అలాంటప్పుడు ఎక్కడ షార్టయిందో కనిపెట్టకుండా మళ్లీ తీగ వెయ్యడం తప్పు. మీ ఫ్యూజు మూడో రకం. ఒక పక్కే గోధుమ రంగుకి తిరిగిందంటే ఆ పక్క ఇత్తడి పట్టు వదులైందని గానీ, మర బిగుతు లేదని గానీ అర్థం. కరెంటు ఎక్కువ కావడానికి తోడు ఇది కూడా వేడి పుట్టిస్తోంది. దానికి కొత్త తీగ వేసి లాభం లేదు. పై ముక్కా, కింద దిమ్మా రెండూ కొత్తవి పెట్టించాలి. దిమ్మ మార్చడమంటే వైర్లు విప్పాలి, అది ఎలక్ట్రీషియన్ పనే. కాబట్టి మీకు సూటి జవాబు ఇది: ఈసారికి మీరు వేసుకోవద్దు. ఇకముందు అవసరమైతే ఎలాగో తెలిసి ఉండాలని మిగతాది చెబుతున్నాను.

పాత తీగ ముక్కలన్నీ తీసి, పొడి గుడ్డతో తుడవండి. బాగా పాతవాటిలో తీగ కింద తెల్లని ఆస్‌బెస్టాస్ పట్టీ ఉంటుంది, దాన్ని గీకొద్దు, దుమ్ము పీల్చొద్దు. కొత్త తీగని గాడిలోంచి పోనిచ్చి, ఒక మర చుట్టూ మర బిగిసే వైపుకే ఒక చుట్టు చుట్టి బిగించండి. రెండో కొసా అంతే. తీగని లాగి సాగదీసి బిగిస్తే సన్నబడి, తన కొలతకంటే ముందే తెగిపోతుంది. కాస్త వదులుగా ఉండనివ్వండి. మర మరీ నొక్కితే తీగ కోసుకుపోతుంది. మిగిలిన కొసలు కత్తిరించి, పిడి దించి ఉండగానే ఫ్యూజుని ఒక్క పట్టున లోపలికి నొక్కండి. అప్పుడు మొహం పక్కకి తిప్పుకుని పిడి ఎత్తండి. సామాన్లు ఒక్కొక్కటే వెయ్యండి. వెయ్యగానే మళ్లీ పోతే ఆ రోజుకి ఇంకో తీగ ముట్టుకోవద్దు.

ఏ తీగ అంటే, దుకాణంలో అట్ట మీద చుట్టి అమ్మే తగరం పూసిన రాగి ఫ్యూజు తీగే కొనండి. 5 ఆంపియర్లకి 0.2 మి.మీ., 15కి 0.5, 20కి 0.6, 30కి 0.85. మామూలు వైరు చీల్చి రెండు పోగులు, మూడు పోగులు అని వెయ్యడం మన వైపు అలవాటు. ఆ లెక్కకి ఒక నిలకడ లేదు, ఎవరి పోగు మందం ఎంతో ఎవరికీ తెలియదు. పింగాణీ మీద 16 అనో 32 అనో అచ్చు ఉంటుంది. అది ఆ పింగాణీ ఎంతదాకా తట్టుకుంటుందో చెప్పే హద్దు. అంత తీగ వెయ్యమని కాదు. గోడలో వైరు మోసేదానికంటే తీగ కొలత మించకూడదు.

ఇప్పుడు మీ పొద్దుటి పూట చూద్దాం. గీజరు 2,000 వాట్లదైతే 230 వోల్టుల దగ్గర 8.7 ఆంపియర్లు లాగుతుంది. ఇండక్షన్ పొయ్యి పూర్తి మంట మీద అదే 2,000 వాట్లు, ఇంకో 8.7. ఫ్రిజ్, ఫ్యాన్లు, లైట్లు కలిపి రెండు మూడు వేసుకోండి. మొత్తం 20. పాత ఫ్యూజు 15 ఆంపియర్లదే అనుకుంటే, ఆ తీగ 28 దాకా ఓపిక పడుతుంది కాబట్టి తెగదు, వేడెక్కి ఉంటుంది. అప్పుడు మీరు మోటారు వేస్తారు. ఒక హార్స్‌పవర్ మోటారు తిరిగేటప్పుడు ఐదారు ఆంపియర్లే తీసుకున్నా, మొదలయ్యే క్షణంలో దానికి ఐదింతలు లాగుతుంది. 20కి తోడు ఇంకో 25, 30. తీగ తెగుతుంది. వోల్టేజి తగ్గి ఉన్న పూట మోటారు ఇంకా ఎక్కువ లాగుతుంది. అంటే మీ ఫ్యూజు ఇన్నాళ్లూ తన పని తాను చేసింది. మోటారుదీ తప్పు కాదు. కొత్తగా కొన్న రెండు సామాన్లకీ పాత వైరే దారి కావడం అసలు చిక్కు. లావు తీగ తీయించి కొత్త ఫ్యూజు పెట్టించాక చెయ్యగలిగింది ఒకటే, మోటారు వేసి ట్యాంకు నిండాక గీజరు, గీజరు ఆపాక పొయ్యి. తెల్లారి హడావుడిలో కష్టమే, తెలుసు, కానీ వైరింగు మార్చేదాకా ఇలాగే నడపాలి.

ఎంసీబీ మంచిదే. 16 ఆంపియర్ల ఎంసీబీ 23 ఆంపియర్లు నిలకడగా పారితే గంట లోపు పడిపోతుంది, షార్టయితే రెప్పపాటులో. తీగ చుట్టే గొడవ లేదు, పక్కింటి కుర్రాడు కూడా లావు తీగ వెయ్యలేడు. కానీ 32 అని ముందే అనేశాడంటే అతను మీ వైరు చూశాడా అని నా అనుమానం. 32 ఆంపియర్ల ఎంసీబీ 46 ఆంపియర్లు పారుతున్నా గంటసేపు ఊరుకునే వీలుంది. దాని వెనక 2.5 స్క్వేర్ ఎంఎం వైరో, పాత అల్యూమినియం వైరో ఉంటే, పక్కింటి కుర్రాడు వేసిన తీగకీ దీనికీ పెద్ద తేడా లేదు. మీటరు నుంచి బోర్డుకి 6 స్క్వేర్ ఎంఎం రాగి వైరు కొత్తగా లాగి, గీజరుకి ఒకటి, పొయ్యికి ఒకటి, మోటారుకి ఒకటి విడివిడిగా వైర్లు తీసి, ఒక్కోదానికి తగిన ఎంసీబీ పెడితే, అప్పుడు మెయిన్‌కి రెండు పోళ్ల (ఫేజునీ న్యూట్రలునీ కలిపి ఆపే) 32 ఆంపియర్ల ఎంసీబీ సరిగ్గా ఉంటుంది. దానితోపాటు 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ తప్పనిసరిగా పెట్టించండి. ఫ్యూజు గానీ ఎంసీబీ గానీ వైరుని కాపాడతాయి. షాకు కొట్టిన మనిషి కోసం కరెంటు ఆపేది ఆర్‌సీసీబీ ఒక్కటే. గీజరు ఉన్న ఇంట్లో దాని ఖర్చు చూసుకోకూడదు. ఎర్తు గొయ్యి ఉందా, ఎండిపోయిందా అన్నది కూడా అప్పుడే చూడమనండి.

బిల్లు మీద మీ ఇంటికి మంజూరైన లోడు ఎన్ని కిలోవాట్లో చూడండి. ఒకటో రెండో ఉంటే, ఐదు వేల వాట్లు దాటే సామాన్లకి అది చాలదు. లోడు పెంచమని కరెంటాఫీసులో దరఖాస్తు ఇవ్వండి. అప్పుడు వాళ్ల వైపు సర్వీసు వైరు, కటౌట్ కూడా కొత్త లోడుకి సరిపోతాయో లేదో వాళ్లే చూసుకోవాలి.

తుపాను రోజుల గురించి ఒక్క మాట. 2018 అక్టోబరులో తిత్లీ మీ జిల్లాని ఎలా కుదిపేసిందో మీకు నేను చెప్పనక్కర్లేదు. అలాంటి గాలివానల్లో స్తంభం మీద న్యూట్రలు తెగితే, ఇంట్లో లైట్లు ఉన్నట్టుండి కళ్లు చెదిరేలా వెలగొచ్చు, ఫ్యాన్లు విపరీతమైన వేగం అందుకోవచ్చు. అప్పుడు ఏ ఫ్యూజూ వెంటనే పోదు. పరుగున వెళ్లి మెయిన్ దించెయ్యండి, 1912కి చెప్పండి. ఎవరికైనా షాకు కొట్టి అతుక్కుపోతే మనిషిని ముట్టుకోకుండా ముందు మెయిన్ దించి, ఆనక 108కి ఫోన్ చెయ్యండి. బోర్డు అంటుకుంటే నీళ్లు చల్లొద్దు.

ఎలక్ట్రీషియన్ వచ్చినప్పుడు, మీటరు నుంచి బోర్డుకి ఉన్న వైరు ఎన్ని స్క్వేర్ ఎంఎం, రాగా అల్యూమినియమా అని మొదట అడగండి. ఆ జవాబు విన్నాకే ఎంసీబీ ఎన్ని ఆంపియర్లదో మాట్లాడండి. పని అయ్యాక కొత్త డబ్బా మూత లోపల ఏ ఎంసీబీ దేనిదో తెలుగులోనూ ఒడియాలోనూ రాయించండి. అత్తగారు తెలుగు చదువుతారు, పిల్లలు ఒడియా బడికి వెళ్తుంటే వాళ్లకి అది తేలిక. మీరు ఇంట్లో లేనప్పుడు గీజరుది ఏదో వెతుక్కోకుండా ఎవరైనా దించగలగాలి.